మళ్ళీ మగ్గం ఆడేదాకా

హైదరాబాద్,
3 జూన్ 2024.

మామయ్యా,

క్షేమంగా చేరాను. అత్తయ్య కట్టిచ్చిన పులిహోర చీరాల దాటకముందే అయిపోయింది. జీడిపప్పు మాత్రం ఇల్లు చేరేదాకా ఏరుకుని తింటూనే ఉన్నాను.

ఈ ఉత్తరం చూసి నవ్వకు. పక్కవీధికి కూడా వీడియో కాల్ చేసుకునే రోజుల్లో స్టాంపు అంటిస్తున్నానని మా ఆఫీసులో ఇప్పటికే నవ్వారు. ఏం చెయ్యను? ఫోనులో మన చేనేత ప్రదర్శనశాల లాప్‌టాప్ ఎలా ఉందని నేనడిగితే, వానలు బాగానే పడుతున్నాయని నువ్వంటావు. చెవి మిషను కూతపెడుతోందని అటకెక్కించావు. మెసేజీ పెడితే ఆఫీసు నోటీసులా ఉందంటావు. ఇక నీతో మాట్లాడటానికి పోస్టుమాన్ ఒక్కడే దిక్కు.

లాప్‌టాప్‌లో వేసిన ఆ సాఫ్ట్‌వేరు ఊరికే ఎందుకిస్తారే అని నేనున్నన్నాళ్ళూ అడుగుతూనే ఉన్నావు. మళ్ళీ చెబుతున్నా విను. ప్రపంచంలో డబ్బులేని చిన్న చిన్న మ్యూజియంలు చాలా ఉన్నాయి. వాళ్ళ దగ్గరున్న వస్తువులు ఏమిటి, ఎవరివి, ఎక్కడున్నాయి అని రాసిపెట్టుకోవటానికి కొందరు కలిసి దీన్ని తయారుచేశారు. ఓపెన్ సోర్స్ అంటే దీనికి యజమాని లేడు. ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఎలా పనిచేస్తుందో విప్పి చూడొచ్చు, బాగుచేయొచ్చు. బాగుచేసింది మళ్ళీ అందరికీ ఇవ్వాలి. నేను కూడా ఆఫీసు అయ్యాక అప్పుడప్పుడూ దానికి మరమ్మతులు చేస్తుంటాను. జీతం లేదు, నీకు ఆ ప్రదర్శనశాలలో లేనట్టే.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వూ నేనూ కూర్చుని ఎక్కించిన నాడెలు, రాట్నాలు, పెట్టెలు అన్నిటికీ ఒక గడి ఖాళీగా ఉండిపోయింది. వస్తువు ఎలా వచ్చింది అనే గడి. అందులో నాలుగే మాటలున్నాయి: కొన్నది, దానం, అరువు, దొరికింది. ఒకటి ఎంచుకోవాలి. అరువు అంటే తిరిగి ఇచ్చే తేదీ కూడా రాయాలి. గడువు దాటితే ఆ వరస ఎర్రగా మారుతుంది, ఎవరిది ఇవ్వాలో మనం మర్చిపోకుండా. ఒక్కొక్కటీ నాకు రాసి పంపు. అది నింపితే మన ప్రదర్శనశాలను లోకమంతా చూడొచ్చు.

అత్తయ్య మోకాలికి నూనె రాయించు. నీ మగ్గం మీద ఉన్న ఆ ఆకుపచ్చ చీర ఎవరికి పోతుందో కనుక్కో, నాకు దాని మీద కన్నుంది.

నీ మేనకోడలు,
సౌజన్య

వేటపాలెం,
12 జూన్ 2024.

అమ్మాయ్ సౌజన్యా,

నీకు నూరేళ్ళు. ఉత్తరం అందింది. మీ అత్త కోటేశ్వరి పైకి చదవమంటే చదివాను. నా గొంతు నాకు వినపడదు కదా, కేకలు పెట్టానట. ఏదో గొడవనుకుని పక్కింటివాళ్ళు గోడమీంచి తొంగిచూశారు.

నీ ఓపెన్ సోర్సు సంగతి ఇప్పటికి నా బుర్రకెక్కింది. అది ఊరుమ్మడి బావి. ఎవరైనా తోడుకోవచ్చు. చేంతాడు తెగితే తోడుకుంటున్నవాడే ముడి వెయ్యాలి. ఆ మాత్రం దానికి ఇంగ్లీషు పేరెందుకే?

ఇక నీ గడి. దాని ముందు కూర్చుంటే నాకు చెమటలు పట్టాయి. ఇవేవీ నేను కొనలేదు. దొరికినవి కావు. ఎలా వచ్చాయో నీకు చిన్నప్పుడు చెప్పానో లేదో.

మన పేటలో మగ్గం ఆగిపోయిందని ఎవరూ అనరు. ఇప్పుడు ఆడటంలేదు అంటారు, అంతే. అంకమ్మరావు మగ్గం గుంట పూడ్చి కొడుకు సెల్లు కొట్టు పెట్టినరోజు, వాడు తన నాడెను తువ్వాల్లో చుట్టుకుని నా దగ్గరికొచ్చాడు. "ఇంట్లో ఇది ఖాళీగా కనపడతంటే అన్నం సయించట్లేదురా పానకాలూ. మళ్ళీ మగ్గం ఆడేదాకా నీకాడ ఉంచు" అన్నాడు. పడుగు దారాల మధ్య పేక పోగును మోసుకుంటూ పొద్దస్తమానం అటూ ఇటూ పరుగెత్తిన చెక్క అది. దాన్ని అమ్మబుద్ధి కాదు, పొయ్యిలో పెట్టబుద్ధి కాదు. అప్పట్లో చేనేత సంఘం నూలు గది ఖాళీగా ఉంటే గోడకు మేకు కొట్టి తగిలించాను. తరవాత ఇంకొకరు తెచ్చారు, ఇంకొకరు. ప్రదర్శనశాల అని బోర్డు పెట్టి ట్రస్టు అని రిజిస్టరు చేయించింది ఆ తరవాత వచ్చిన పెద్దమనుషులు. దసరా పొద్దున ఎవరి నాడె వాళ్ళు ఇంటికి తీసుకెళ్ళి, కడిగి, పసుపు రాసి బొట్టు పెట్టి, మర్నాడు మళ్ళీ తెచ్చి అదే మేకుకు తగిలిస్తారు. ఇన్నేళ్ళలో ఒక్కరు తప్పలేదు.

అంటే నీ లెక్కన ఇది అరువే. సరే, తేదీ కనుక్కుందామని ముందుగా చెంచమ్మ ఇంటికి వెళ్ళాను. మొగుడు పోయాక అతని నాడె తెచ్చి పెట్టింది కదా, బొటనవేలు ఆనేచోట గుంట పడిందే, అది. కొడుకు వేణుగోపాల్ మార్టూరులో రాళ్ళకి పాలిష్ పట్టే పనిలో ఉన్నాడు. "ఆ దుమ్ము పడక నాలుగురోజుల్లో వచ్చేత్తాడన్నా, వచ్చి మగ్గమెక్కుతాడు" అని ఎప్పుడూ అంటుంది. ఎన్నేళ్ళనుంచి అంటోందో నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. "ఏం పనిమీద వచ్చావన్నా" అంటే, "మజ్జిగిస్తావేమోనని" అన్నాను. తాగి వచ్చేశాను.

ఆ తేదీ ఎవరూ చెప్పలేరమ్మా. రాస్తే ఆ రోజు వస్తుంది, పోతుంది, నీ కంప్యూటరు ఎర్రబడుతుంది. చెంచమ్మ పేరు ఎర్రగా లోకమంతా చూడాలా? నాకు మనసొప్పలేదు. దానం అని రాసెయ్. అన్నిటికీ అదే రాయి. దానం చేశారంటే వాళ్ళకి గౌరవంగా ఉంటుంది. ఎవరివి వాళ్ళవని మా అందరికీ తెలిసిందే కదా, గడిలో ఏముంటే ఏమిటి?

ఆకుపచ్చ చీర నూలిచ్చిన షావుకారుది. నీ కన్ను తీసెయ్.

ఆశీస్సులతో,
పానకాలు మామయ్య

హైదరాబాద్,
2 జులై 2024.

మామయ్యా,

నువ్వు చెప్పినట్టే అన్నిటికీ దానం అని రాశాను. నీ ఉత్తరం చదివి ఆ రోజు ఆఫీసులో పని చేయబుద్ధి కాలేదు. నిజమే, ఎరుపు వద్దు.

మన ప్రదర్శనశాల ఇప్పుడు లోకానికి కనపడుతోంది! చెంచమ్మ పెద్దమ్మ నాడె ఫొటో చూసి, సాఫ్ట్‌వేరు తయారుచేసే వాళ్ళలో ఒకావిడ, ఎక్కడో సముద్రాల అవతల ఉంటుందిలే, ఆ వేలిగుంటను తడమాలనిపిస్తోందని రాసింది. పెద్దమ్మకు చెప్పు.

ఇంకో సంగతి. దానం అని ఎంచుకోగానే సాఫ్ట్‌వేరు దానంతట అదే ఒక కాగితం తయారుచేస్తుంది. ఇచ్చినవారి పేరు, వస్తువు ఫొటో, ప్రదర్శనశాల కృతజ్ఞతలు, కింద ఇద్దరి సంతకాలు. మ్యూజియంలలో ఇది మామూలు పద్ధతి. అందరివీ రంగుల్లో ప్రింటు తీయించి పంపుతున్నాను. తెలుగులోకి నేనే మార్చాను. చట్టం భాషలో ఉన్న ఒక్క వాక్యం నా వల్ల కాలేదు, దాన్ని ఇంగ్లీషులోనే ఉంచేశాను. ఒకటి వాళ్ళకిచ్చి, ఒకటి సంతకం పెట్టించి ట్రస్టు బీరువాలో పెట్టు. బాగున్నాయో లేదో రాయి. పూల అంచు నా సొంత కవిత్వం.

అత్తయ్యకు ముద్దులు.

నీ
సౌజన్య

వేటపాలెం,
20 ఆగస్టు 2024.

అమ్మాయ్,

బాగున్నాయా అని అడుగుతావేమిటే, పెళ్ళి శుభలేఖల్లా ఉన్నాయి. ఇంటింటికీ నేనే పంచాను. మీ అత్త మోకాలు పట్టుకుని నా వెంట వచ్చింది, ఎవరేమంటున్నారో నా చేతిమీద వేలితో రాసి చెప్పటానికి. సగం తప్పులే. వాళ్ళు కాఫీ తాగుతారా అంటే ఇది నాకు తాగుతారు అని రాస్తుంది.

అంకమ్మరావు సంతకం పెడుతూ కళ్ళు తుడుచుకున్నాడు. పంచాయతీ నుంచి కూడా తనకెప్పుడూ ఇలా పేరు రాసిన కాగితం రాలేదన్నాడు. చెంచమ్మ దాన్ని చీరాల పంపించి అద్దం ఫ్రేము కట్టించింది. మొగుడి ఫొటో పక్కన పెట్టి, రెంటికీ కలిపి ఒకే దండ వేసింది. ఇక చూసుకో, పేటలో అందరూ ఫ్రేములే. ఫ్రేములు కట్టేవాడు ఈ దెబ్బతో ఇల్లు కట్టేట్టున్నాడు.

ట్రస్టు ప్రెసిడెంటు లక్ష్మీకాంత్ కూడా వచ్చి చూశాడు. మాట నెమ్మదైన మనిషి. మన గది పైకప్పు కారుతోందని, చెదలు పడుతున్నాయని అతనికీ బెంగే. సంతకాలు పెట్టిన కాగితాలన్నీ చూసి, "పానకాలుగారూ, ఇన్నాళ్ళకి మన ట్రస్టు ఒక దారికొచ్చిందండీ" అని నా చేతులు పట్టుకున్నాడు. సముద్రం రోడ్డు మీద కొత్తగా రిసార్టు కట్టారు. అందులో చేనేతకి ఒక హాలు పెడతారట, ఏసీ ఉంటుందట. వాళ్ళొచ్చి ఫొటోలు తీసుకున్నారు. నాకేమీ వినపడలేదు, నవ్వుతూ నిలబడ్డాను. చెవులు పోయినవాడికి అందరూ మంచివాళ్ళే.

ఆకుపచ్చ చీర దిగింది. మా వరసలో ఆడుతున్న మగ్గం ఇప్పుడు నాదొక్కటే. పక్కన చప్పుడు లేదని మీ అత్త చెప్తే నాకు తెలిసింది. నాకెప్పుడూ ఒకటేగా.

పానకాలు మామయ్య

హైదరాబాద్,
10 సెప్టెంబరు 2024.

మామయ్యా,

ఎంత మంచి వార్త రాశావు! ఏసీ హాలంటే చెక్కకు చాలా మంచిది. చెదల భయం ఉండదు. బయట ప్రదర్శనకి పంపటం ప్రతి మ్యూజియం చేసే పనే. నువ్వు చెయ్యాల్సిందల్లా, ఏది ఎక్కడికి వెళ్ళిందో 'చోటు' అనే గడిలో మార్చటం. తిరిగి వచ్చాక మళ్ళీ మన మేకు నంబరు వేసెయ్. ఎలాగో బొమ్మలు గీసి పక్క కాగితంలో పెట్టాను.

ఈ నెల ఆఫీసులో ఊపిరి సలపటంలేదు, అందుకే పొట్టి ఉత్తరం. దసరాకి రాలేను. నాడెలకి బొట్లు పెట్టాక ఫొటో తీయించి పంపు, వెబ్‌సైటులో పెడదాం.

సౌజన్య

వేటపాలెం,
14 అక్టోబరు 2024.

సౌజన్యా,

నువ్వు ఆ గడిలో ఏం రాశావు?

నిజం చెప్పు. నేను చెప్పిందే రాశావా, ఇంకేమన్నా కలిపావా? ఇక్కడ నా మొహాన ఉమ్ముతున్నారు.

దసరా ముందు వ్యాను వచ్చింది. లక్ష్మీకాంత్ దగ్గరుండి అన్నీ ఎక్కించాడు. పండగలోపు వచ్చేస్తాయి కదా అని నేనడిగాను. అతను ఏదో అన్నాడు, తల ఊపాడు. వస్తాయన్నాడనుకున్నాను. నీ బొమ్మల కాగితం చూసుకుంటూ ఒక్కొక్క దానికీ చోటు మార్చాను. కుదురుగా చేశానని మురిసిపోయాను కూడా.

పండగ పొద్దున తలంట్లు పోసుకుని అందరూ వచ్చారు. చెంచమ్మ పళ్ళెంలో పసుపు కుంకుమ పట్టుకుని అందరికన్నా ముందు నిలబడింది. వేణుగోపాల్ కూడా మార్టూరు నుంచి వచ్చి వెనక నిలబడ్డాడు. తలుపు తీస్తే గోడ నిండా మేకులు. నాడె ఒక్కటి లేదు.

ఆటోలు కట్టుకుని రిసార్టుకి వెళ్ళాం. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. లక్ష్మీకాంత్‌ను పిలిపించారు. అతను కేకలు వెయ్యలేదు. ఒక్కొక్కరికీ వాళ్ళు సంతకం పెట్టిన కాగితమే చూపించాడు. "ఇవన్నీ మీరు ట్రస్టుకి దానమిచ్చేశారండీ. ట్రస్టు వీళ్ళకి ఇచ్చింది. ఇందులో రాసుంది కదా" అని నువ్వు తెలుగు చెయ్యని ఆ ఇంగ్లీషు వాక్యం మీద వేలు పెట్టాడు. వేణుగోపాల్ కూడబలుక్కుని చదివి, అర్థం చెప్పి, నా వైపు తిరిగాడు. ఏమన్నాడో మీ అత్త నా చేతిమీద రాయలేదు. నేను బతిమాలితే రాసింది. కంచే చేను మేసింది అన్నాడట.

పానకాలు అమ్ముకున్నాడని పేటంతా అంటోంది. నేను దానం అని రాయమంది గౌరవానికి. ఇచ్చేశారని రాయమన్నానా? రెంటికీ నీ డబ్బాలో తేడా లేదా? చదువుకున్నదానివి, నీకు తెలియదా?

జవాబు రాయి. ఫోను చెయ్యకు. మీ అత్త మాట్లాడే స్థితిలో లేదు.

పానకాలు

చీరాల రైల్వే స్టేషను,
28 అక్టోబరు 2024.

మామయ్యా,

స్టేషను బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. అవును, చీరాలలోనే ఉన్నాను. మీ ఇంటికి రావటానికి మొహం చెల్లలేదు. ఇక్కడే పోస్టు చేసి సాయంత్రం బండికి వెళ్ళిపోతాను.

నువ్వు చెప్పిందే రాశాను. ఒక్క అక్షరం కలపలేదు. కానీ నువ్వడిగిన ఆఖరి ప్రశ్నకి జవాబు ఇది: నాకు తెలుసు. దానం అంటే చట్టం దృష్టిలో ఇక అది వాళ్ళది కాదని నాకు తెలుసు. ఆ ఇంగ్లీషు వాక్యం అదే చెబుతుంది. మన పేటలో ఎవరు అడగొచ్చారులే అనుకున్నాను. కాగితం అందంగా ఉందని మురిసి పంపేశాను. అరువు అని పెట్టి, తేదీ అడగకుండా ఆ ప్రోగ్రామును మార్చటం నాకు పెద్ద పని కాదు మామయ్యా. ఒకటి రెండు ఆదివారాల పని. బద్ధకించాను.

పొద్దున రిసార్టుకి వెళ్ళాను, కాఫీ తాగటానికి వచ్చినదానిలా. చేనేత హాలు ఇంకా కాలేదు. ఈలోగా భోజనాల గదిలో నాడెలన్నిటికీ వార్నిష్ కొట్టి, నడుమ చిల్లు పెట్టి, వైరు దూర్చి బల్బులు వేలాడదీశారు. పెద్దమ్మ నాడె కిటికీ పక్క బల్లకు పైన వెలుగుతోంది. వేలిగుంటను బట్టి గుర్తుపట్టాను. దాని కింద ఎవరో ఇడ్లీ తింటున్నారు. ఈ సంగతి పెద్దమ్మకు చెప్పకు.

మేనేజరును అడిగాను, ఏడ్చాను, అరిచాను. నీళ్ళిచ్చి కూర్చోబెట్టాడు. చీరాలలో ఒక వకీలును కలిశాను. కాగితం నిక్కచ్చిగా ఉందమ్మా, ఎవరు రాశారోగానీ, అన్నాడు.

రికార్డు ఇప్పుడు మార్చొచ్చు. కానీ ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో అందులో చెరగకుండా ఉండిపోతుంది. దొంగతనాలు జరగకుండా అలా పెట్టారని నీకు గొప్పగా చెప్పింది నేనే. ఇప్పుడు మారిస్తే మనమే దొంగల్లా కనపడతాం.

నన్ను తిట్టు. తిడుతూ అయినా ఉత్తరం రాయి.

సౌజన్య

వేటపాలెం,
5 డిసెంబరు 2024.

అమ్మాయ్,

చీరాల దాకా వచ్చి గుమ్మం తొక్కకుండా పోయావని మీ అత్త రెండురోజులు అన్నం ముట్టలేదు. ఇంకెప్పుడూ అలా చెయ్యకు.

నీ మీద అరిచాను. ఆ అరుపు నీకు కాదు. రాయమన్నది నేను, సంతకాలు పెట్టించింది నేను. వాళ్ళు కాగితాన్ని చూసి పెట్టలేదు, నన్ను చూసి పెట్టారు. ఇంగ్లీషులో ఏముందని అంకమ్మరావు అడిగాడు కూడా. "మర్యాదకి రాసిన మాటలే, మా మేనకోడలు పంపింది" అన్నాను. ఛాతీ విరుచుకుని అన్నాను.

పోయిన నెల చెంచమ్మ వచ్చింది. ఫ్రేము తెచ్చి అరుగు మీద పెట్టింది. నాకు వినపడదని తెలుసు కదా, ఎదురుగా కూర్చుని నెమ్మదిగా, పెదాలు నాకు కనపడేట్టు చెప్పింది. "రోజూ దీనికి దణ్ణం పెట్టుకున్నా గదన్నా, ఆయన ఫొటోతో పాటు." అంతే అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది. లేచి వెళ్ళిపోయింది. మళ్ళీ మా వీధిలోకి రాలేదు.

వేణుగోపాల్ మార్టూరులోనే ఇల్లు తీసుకున్నాడట. ఇక నాడె ఎక్కడుంటే ఏమిటి అన్నాడట తల్లితో. ఆ మాట ఇన్నేళ్ళూ వాడు అనకుండా ఉండటానికి గోడమీద ఆ చెక్క ఒకటి ఉండేది. ఇప్పుడు లేదు.

వెనక వీధిలో ఇంకొక మగ్గం ఆగింది. ఆ నాడెను నా దగ్గరికి తేలేదు. నీళ్ళ పొయ్యిలో పెట్టారని మీ అత్త చెప్పింది. ఆ వీధిలోంచి వెళితే నాకు పొగ వాసన వచ్చింది, లేకపోతే వచ్చినట్టు అనిపించింది.

లాప్‌టాప్ గుడ్డ కప్పి పెట్టాను.

పానకాలు మామయ్య

హైదరాబాద్,
9 ఏప్రిల్ 2025.

మామయ్యా,

నువ్వు రాయటం మానేశావు. నేను పంపిన కార్డులకు కూడా జవాబు లేదు. అయినా ఇది నీకు చెప్పాలి.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అనుకో. ఆ సాఫ్ట్‌వేరులో ఐదో మాట చేర్చాను. వస్తువు ఎలా వచ్చింది అనేచోట ఇప్పుడు 'ఉంచమని ఇచ్చినది' అని ఉంటుంది. యజమాని ఇచ్చినవాళ్ళే. తేదీ అడగదు. ఎప్పటికీ ఎర్రబడదు. ఏటా కొన్ని రోజులు ఇంటికి వెళ్ళి వస్తుందని రాసుకోవటానికి కూడా చోటు పెట్టాను.

ఒప్పించటానికి చాలా కష్టపడ్డాను. గడువు లేని అరువు మంచి పద్ధతి కాదని కొందరు పట్టుబట్టారు. అప్పుడు నీ మొదటి ఉత్తరాన్ని, చెంచమ్మ పెద్దమ్మ ఇంట్లో మజ్జిగ తాగి వచ్చేశావే, దాన్ని ఇంగ్లీషు చేసి వాళ్ళకి పంపాను. తరవాత ఎవరూ వాదించలేదు. పోయిన వారం నుంచి అది అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఒక ద్వీపంలో చేపలవాళ్ళ పడవల మ్యూజియం అప్పుడే వాడటం మొదలుపెట్టింది. మునిగిపోయినవాళ్ళ తెడ్లట అవి. వాళ్ళ ఇళ్ళలోనూ తేదీ ఎవరూ చెప్పలేకపోయారట.

ఆ తెడ్లకి ఉపయోగపడింది. మనకి కాదు. రిసార్టువాళ్ళకి రాసిన ఉత్తరాలన్నిటికీ ఒకే జవాబు, రావటం మీకు ఎప్పుడూ స్వాగతమే అని. లక్ష్మీకాంత్‌గారు, "పైకప్పు కూలి అవి పుచ్చిపోతే మీకు ఇష్టమా అమ్మా?" అని అడిగారు.

నీ మగ్గం ఎలా ఉంది? అది ఒక్కటి రాయి చాలు.

సౌజన్య

వేటపాలెం,
6 అక్టోబరు 2025.

అమ్మాయ్ సౌజన్యా,

నీ ఏప్రిల్ ఉత్తరం దిండు కిందే ఉంది. ఆ తెడ్ల సంగతి మీ అత్తకు రెండుసార్లు చదివి వినిపించాను. మంచిపని చేశావు. జవాబు రాయకపోవటం కోపంతో కాదు. చెప్పటానికి మంచిమాట ఒకటి దొరికాక రాద్దామనుకున్నాను. దొరకలేదు.

నువ్వడిగిన దానికి జవాబు. శ్రావణంలో షావుకారు ఇక పడుగు పంపనన్నాడు. నేను వారాల తరబడి నేసే చీరలాంటిదే మరమగ్గం మీద పూటలో దిగుతోందట, కొనేవాళ్ళకి తేడా తెలియటంలేదట. మిగిలిన దారంతో మీ అత్తకు ఒక తువ్వాలు నేశాను. ఆఖరి పోగు తెంపాక ఇల్లంతా నిశ్శబ్దంగా అయిపోయిందని మీ అత్త ఏడ్చింది. నాకు ఏ తేడా తెలియలేదు. అది ఇంకా బాధగా ఉంది.

దసరా పొద్దున తలంటుకుని నా నాడె తీసుకుని ఆ గదికి వెళ్ళాను. నేను కొట్టిన మేకులే కదా, ఏదో ఒక దానికి తగిలిద్దామని. వేరేవాళ్ళవి ఇన్నేళ్ళు ఉంచాను, నాది ఉంచటానికి నాకు ఇంకో చోటు తెలియదు.

చెంచమ్మ అప్పటికే లోపల ఉంది. పళ్ళెం పట్టుకుని వచ్చింది, ఎప్పటిలాగే. ఏడాది తరవాత చూశాను, బాగా వంగిపోయింది. నన్ను చూసిందో లేదో. తన మేకు దగ్గరికి వెళ్ళి, కొంగుతో బూజు తుడిచి, దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. ఉత్త మేకుకు. దణ్ణం పెట్టుకుని, నా పక్కనుంచే వెళ్ళిపోయింది.

ఇక నాది అక్కడ తగిలించబుద్ధి కాలేదు. ఏ మేకుకు తగిలించను? అన్నీ ఎవరో ఒకరివే. ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టాను. అంకమ్మరావు ఆ రోజు ఎందుకు అన్నం సయించట్లేదన్నాడో ఇప్పుడు తెలిసింది.

తువ్వాల్లో చుట్టి ఈ ఉత్తరంతోపాటు పార్సిలు చేస్తున్నాను. తువ్వాలు మీ అత్తదే, నీకిమ్మంది. నాడె మాత్రం నీకు ఇవ్వటం లేదు. నీ దగ్గర ఉంచుతున్నాను. కాగితం ఏమీ తయారుచెయ్యకు, ఫొటో తీసి ఎక్కడా పెట్టకు. దసరాకి కడిగి బొట్టు పెట్టు. మళ్ళీ మగ్గం ఆడేదాకా ఉంచు.

అందిందని ఒక ముక్క రాయి. ఎప్పుడు తీసుకుంటావు మామయ్యా అని మాత్రం అడగకు.

పానకాలు మామయ్య